సీసా మారిన సంగతి

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారి సముఖమునకు, కొత్తరాళ్ళపల్లె నివాసి, విశ్రాంత అటెండరు నెహెమ్యా, వయస్సు 66, వ్రాసుకొన్న అర్జీ.

విషయం: షుగరు సూదిమందు సీసా మారినప్పుడు ఆ సంగతి రోగి ఇంటివారికి తెలియజేయించుట గురించి.

అయ్యా,

తాలూకా కచేరీలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఇతరుల అర్జీలు ఈ బల్ల నుండి ఆ బల్లకు మోసినాను. నా పేరుతో వ్రాయుట ఇదే మొదలు. తప్పులుంటే మన్నించవలెను.

1. నా భార్య విశ్వాసమ్మకు పద్నాలుగేండ్లుగా షుగరు. మూడేండ్ల క్రిందట ఆ జబ్బువల్లనే చూపు పోయింది. అప్పటి నుండి సూది వేయువాడను నేనే. సిరంజి మీద ఉదయం ఇరవై గీత, సాయంత్రం పన్నెండు గీత. ఒక్క పూట తప్పలేదు. కరెంటు పోతే సీసాకు తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టేవాడను. చక్కెర, బెల్లం ఆమె చేతికి అందకుండా చేసినవాడను కూడా నేనే.

2. గత మే నెలలో ఆసుపత్రిలో ఎప్పటి మందు లేదని వేరే సీసా ఇచ్చినారు. "అదే మందు పెద్దాయనా, కంపెనీ మారిండాది. మామూలుగానే ఏసుకోండి," అని కౌంటరులోని అమ్మ చెప్పింది. అబద్ధం కాదు. మందు అదే. కానీ పాతదానికంటే రెండున్నర రెట్లు గాఢమైనది. పాత సిరంజిలో ఇరవై గీత తీస్తే యాభై గీతల మందు లోపలికి పోతుంది. ఆ సంగతి సీసా మీద ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలతో ఉందట.

3. మరునాటి ఉదయం నా భార్య సీసాను చేత్తో తడిమింది.

"మహిమ నాయనా, ఇది మన సీసా కాదు. మూత వేరేగా ఉండాది," అనింది. మా అమ్మాయి పేరుతోనే నన్ను పిలిచేది.

"కంపెనీ మారిందంట లేమ్మే," అని సూది వేసినాను.

చూపు లేని మనిషి కనిపెట్టినది, రెండు కండ్లున్న నేను కనిపెట్టలేదు. దీనిని ఎవరి మీద ఫిర్యాదుగా వ్రాయవలెనో తెలియక ఒక అంకె వేసి వ్రాసినాను.

4. సంగటి తినింది. తొమ్మిదిన్నరకు చెమటలు పట్టినవి, చేతులు వణికినవి. ఎండ అనుకొని విసురుతూ కూర్చున్నాను.

"రోంత బెల్లం పెట్టప్పా. లోపల ఏందో పీకుతాండాది."

"సూది ఏసుకొని బెల్లం అడుగుతాండావా? డాక్టరు ఏం చెప్పినాడు?"

"ఒక్క పలుకు సాలు."

పెట్టలేదు అయ్యా. కోప్పడినాను. తరువాత మాట తడబడింది. నన్ను పట్టుకొని, చనిపోయిన వాళ్ళన్న పేరుతో పిలిచింది. ఆటో వచ్చేసరికి స్పృహ లేదు. దారిలోనే పోయింది. షుగరు పెరగకూడదని పద్నాలుగేండ్లు చెప్పినారు. సూది ఎక్కువైతే అది పడిపోతుందని, అప్పుడు తీపే వైద్యమని ఒక్కరూ చెప్పలేదు.

5. ఆసుపత్రిలో చిన్న డాక్టరు గారు సీసాను, సిరంజిని పక్కపక్కన పెట్టి జరిగినది వివరించి, "మీ తప్పు కాదు పెద్దాయనా," అన్నారు. ఆ మాట నాకు ఉపయోగపడలేదు.

6. మా ఊరిలో సూది వేసుకొనువారు పదకొండు మంది. సమాధి చేసిన మూడవనాడు ఇల్లిల్లూ తిరిగి సీసాలు చూసినాను. నాగలక్ష్మమ్మ ఇంట్లో అదే కొత్త సీసా, పాత సిరంజి. అప్పుడే మందు ఎక్కించి పట్టుకొని ఉంది. గుంజుకున్నాను. "ఏమప్పా, పిచ్చి పట్టిందా?" అని అరిచింది. సీసాను, సిరంజిని పక్కపక్కన పెట్టి చూపించినాను.

కౌంటరులోని అమ్మను శిక్షించమని కోరుట లేదు. ఆమె ముందు ఎప్పుడూ వరుస ఉంటుంది. సీసా మారితే సిరంజి కూడా మార్చి, గీత వేలుపెట్టి చూపించమని, చెమట, వణుకు వస్తే తీపి పెట్టమని ఇంటివారికి చెప్పించమని మాత్రమే నా మనవి. తమ చిత్తమునకు వచ్చినట్లు ఆజ్ఞాపించవలెను.

తమ విధేయుడు,
నెహెమ్యా

మరచిన సంగతి: మా అమ్మాయి మహిమ రాజంపేట నుండి వచ్చి నాతో ఉంటున్నది. సీసా సంగతి ఆమెకు తెలుసు. "కడాకు అమ్మ ఏమనింది నాయనా?" అని రోజూ అడుగుతుంది. "నిన్నే తలుచుకొనింది," అని చెప్తున్నాను. ఇంటికి వచ్చిన టపా ఆమే విప్పుతుంది. అర్జీ నకలు పంపవలసి వస్తే, అయ్యా, నాలుగవ అంకె తీసివేసి పంపండి.