టాలో అంటే తాలం

గుంటూరు, 12 ఆగస్టు 1984, ఆదివారం

పొద్దున పెరట్లో గడ్డం గీసుకుంటూ నాన్నగారు పిలిచారు. ఆయన చెంపల మీద నురుగు విచ్చిన పత్తికాయలా తెల్లగా పొంగి, నేను చూస్తుండగానే కరిగిపోయింది.

"అమ్మాయ్, కెమిస్ట్రీ పాఠాలు చెబుతావుగా! ఈ కొత్త సబ్బు నురుగు నిలవదేమిటే?"

పాతదానిలో పశువుల కొవ్వు ఉండేది, ఆ చిక్కదనం దానిదే. జనం మాకొద్దన్నారు, విదేశాల నుంచి కొవ్వు రావడమూ ఆగింది, కంపెనీలు పామాయిల్‌కు మారాయి. క్లాసులోనైతే గడగడా చెప్పేదాన్ని.

కానీ పాత డబ్బా మీద ఆ కొవ్వుకు రాసిన 'టాలో' అనే ఇంగ్లీషు మాటను, సంస్కృతం మాస్టారైన నాన్నగారు 'తాలం' అనుకున్నారు. అంటే తాటిచెట్టు! ముప్ఫై ఏళ్లుగా ఆ సబ్బే రాసుకుని, స్నానం చేసి, పూజలో కూర్చున్నారు.

"తాటినూనె తగ్గించారంటావా?"

"లేదు నాన్నగారూ, ఇప్పుడే ఎక్కువ వేస్తున్నారు."

"అయితే మరీ మంచిది. నురుగుదేముందిలే!" అని నవ్వుతూ స్నానానికి లేచారు.

అబద్ధమేమీ చెప్పలేదు, పామాయిల్ కూడా తాటిజాతి చెట్టు నూనేగా. మరి రోజంతా ఆయన ముఖంలోకి చూడలేకపోయానెందుకో. కాపాడింది ఆయన పూజలనా, నా పిరికితనాన్నా...

సాయంత్రం ఆయన హారతి ఇస్తుంటే, పొగలో మసకబారిన దేవుడి పటాన్ని చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్లూ తెలిసి ఊరుకున్నది ఆ దేవుడొక్కడే. ఇవాళ్టి నుంచి ఆయనకు నేను తోడు.