దండ వెయ్యని ఒగ్గుకథ

గోదావరిఖని, 10-3-1974

సారక్కకు తమ్ముడు గట్టయ్య దండాలు. బొగ్గు దుమ్ముతో సహా ఇక్కడ అందరం క్షేమం.

మా కాలనీ పండుగకు నర్సింగం బావను పిలవాలని చాలామంది కోరిక. నీ చెయ్యి విరగ్గొట్టి వెళ్లగొట్టినవాడని నాకు తెలుసు. కానీ ఒగ్గుకథలో ఆయన కోడలి దుఃఖం పాడితే బొగ్గు కొట్టే మొరటు మనుషులు తువ్వాళ్లలో ముఖాలు దాచుకుంటారు. నువ్వు సరేనంటేనే పిలుస్తాం.

నీ గట్టయ్య

తా.క.: పండుగ కమిటీలో ఆయనకు ఆరు ఓట్లు, నీకు ఆరు. పదమూడో ఓటు నాది. అందుకే ఈ ఉత్తరం.

పెద్దపల్లి, 14-3-1974

గట్టయ్యకు సారక్క చెప్పి రాయించింది.

బావ అంటవేందిరా వాన్ని? నా చెయ్యి ఇప్పటికీ బిందె లేపదు. పండుగకు పిలిచి నన్ను మళ్ల వానికి అప్పజెప్తవా? నా కాపురానికి ఓట్లేస్తరా? వచ్చిన్నంటే మీ కమిటీని బొగ్గుబాయిల తోస్త.

సారక్క

తా.క.: పదకొండు తిట్లు వదిలేశాను. బడి తెలుగులో వాటికి మాటలు లేవు. — రాసిపెట్టిన రాహేలు టీచరు

గోదావరిఖని, 17-3-1974

అక్కా, నీ కాళ్లు మొక్కుతా. అడిగింది కాపురం గురించి కాదు, కథ గురించి. మాకు కావలసింది ఆ గొంతే, ఆ మనిషి కాదు.

గట్టయ్య

తా.క.: గొంతును ఒక్కదాన్నే ఎక్కించుకునే బస్సు లేదు. మనిషి కూడా వస్తాడు.

పెద్దపల్లి, 20-3-1974

గట్టయ్యా, గట్లయితే పాడనియ్యి. పాటేం పాపం జేసింది? దండ వెయ్యద్దు. శాలువ కప్పద్దు. పెద్దమనిషని మైకుల అనద్దు.

సారక్క

తా.క.: ఈసారి తిట్లు రెండే. రెండూ మీకే. — రాహేలు

గోదావరిఖని, 1-4-1974

అక్కకు దండాలు. నువ్వు చెప్పినట్టే చేశాం. బావ దండ కోసం మెడ వంచి నిలబడ్డాడు. అలవాటుగా దండ తెచ్చిన మా కమిటీ కొమురెల్లి కంగారులో దాన్ని మైకుకు వేశాడు.

తర్వాత కథ మొదలైంది. "నా తల్లిగారిల్లు ఏ దిక్కున్నదే గాలీ" అని కోడలు అడిగేచోట బావ డోలు ఆపించాడు. ఒట్టి గొంతు. షిఫ్టు సైరన్ మోగినా ఒక్కరూ లేవలేదు. అంత నిశ్శబ్దం బాయి అడుగున కూడా నేనెరగను. ఆ గొంతు ఆ చేతుల మనిషిలో ఎలా ఉందక్కా? నేనూ ఏడ్చాను. నీకు ద్రోహం చేసినట్టుంది. క్షమించు.

గట్టయ్య

తా.క.: డ్యూటీకి ఆలస్యమైన నలభై మందిమీ కడుపునొప్పి అని రాసిచ్చాం. మేనేజరు దొర నమ్మాడు. ఆయనకూ ఆరోజు అదే నొప్పి.

పెద్దపల్లి, 5-4-1974

గట్టయ్యా, ద్రోహమేందిరా? ఆ దినం నేను గూడ ఆడోళ్ల నడుమ కొంగు కప్పుకొని కూసున్న. వాన్ని ఇడిసినకాడినుంచి, బస్సు పోయేకాడ వాడు చెప్పిన కథ ఒక్కటి ఇడువలే. గా గొంతు, గా చేతులు ఒక్కనికే ఎట్ల ఇచ్చిండో దేవున్నే అడగాలె. పాట ఇంటున్నంతసేపు ఏడుస్త. కథ ఒడువంగనే లేచొస్త. వాని మొకం సూడ.

సారక్క

తా.క.: మళ్లెప్పుడు పిలుస్తున్నవో జెర ముందుగాల రాయి.