నల్ల ఫియట్‌కు మెరుగు

గోపన్‌పల్లి,
సెప్టెంబరు 14, 1970.

ప్రియమైన మీకు,

రామగుండం చేరినట్టు మీరు రాసిన కార్డు అందింది. క్యాంపు కూరల్లో కారం ఎక్కువని రాశారు. ట్రంకుపెట్టె అడుగున నేతి సీసా పెట్టాను, చూసుకున్నారో లేదో. అమ్మణ్ణి పలక మీద మీ పేరంతా రాస్తోంది. భీమేశ్వరరావులో 'శ్వ' దగ్గర మాత్రం ఆగి నా మొహం చూస్తుంది. అయిదేళ్ల పిల్లకు అదే ఎక్కువ.

మీతో ఒక పని పడింది. అటక మీద గోనెసంచిలో చుట్టిపెట్టిన మీ పాలిషింగ్ మిషన్ దించాలనుకుంటున్నాను. ఆదివారాలు ఆఫీసర్ల కార్లకు మీరు మెరుగు పెట్టేవారే, అదే. నవ్వకండి.

డిస్పెన్సరీ డాక్టరమ్మ పుణ్యవతిగారి నల్ల ఫియట్ మీకు తెలుసు కదా. బకెట్టుతో నీళ్లు మోసుకొచ్చి ఆవిడే కడుక్కునేవారు, ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. పదిరోజులు దాటింది, మన వీధిలో ఒక పిల్లకు పాము కరిచింది. మధ్యాహ్నం వేళ, జోరు వాన. పెద్ద రోడ్డు మీద కల్వర్టు మునిగిపోయింది. డాక్టరమ్మ పిల్లను కారులో వేసుకుని నానక్‌రామ్‌గూడ వైపు బండ్ల బాటన బయల్దేరారు. ఆ బాటకు రెండు పక్కలా తుమ్మ కంప ఎంత దట్టమో మీరు చూశారు. మన ఇంటి యజమాని పెంటయ్య మామ ముందు నడుస్తూ రాళ్లు తీశాడు. ఒకచోట ఆగి, కొమ్మలు కొట్టి దారి చెయ్యమంటారా అని అడిగితే, కారు గీరుకుంటే గీరుకోనీ, నువ్వు నడువు అన్నారట ఆవిడ. పిల్ల బతికింది. కారు మాత్రం ఎవరో గోళ్లతో రక్కినట్టు తయారైంది. అప్పటినుంచి ఆవిడ దాన్ని కడగడం మానేశారు.

నవంబరు ఒకటో తారీకున ఆవిడ రిటైరై సామర్లకోట వెళ్లిపోతున్నారు. ఊరంతా కలిసి శాలువా కప్పుతారట. ఆ కారును మునుపటిలా చేసి ఇవ్వాలని నాకుంది. ఎలా చెయ్యాలో రాయండి.

మీ
రాజేశ్వరి

రామగుండం క్యాంపు,
సెప్టెంబరు 19.

ప్రియమైన రాజీ,

నేతి సీసా దొరికింది. గదిలో మిగతా ముగ్గురికీ కూడా దొరికింది.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వద్దని రాద్దామని కలం తీశాను, చెయ్యి రాలేదు. నేర్చుకో. నేను నీ పక్కన లేను కనుక ప్రతి మాటా రాసింది రాసినట్టు చెయ్యాలి.

ముందు కారును బాగా కడుగు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గీత పడుతుంది. ఆరాక ఒక్కో గీత మీద అడ్డంగా గోరు నడిపి చూడు. గోరు తట్టుకుంటే అది లోతు గీత, దాని జోలికి పోకు. గోరు జారిపోయేవన్నీ పోతాయి. మిషన్‌కు ఉన్ని టోపీ తొడిగి, గీతలు అరగదీసే ముద్ద, రబ్బింగ్ కాంపౌండ్, రేగుపండంత తీసుకుని రేకు మీద పూసి, టోపీని దాని మీద ఆనించాకే స్విచ్ వెయ్యి. గాల్లో తిరిగేదాన్ని తెచ్చి ఆనిస్తే కాంపౌండ్ నీ మొహాన పడుతుంది. వైరు భుజం మీదుగా వెనక్కి వేసుకో. రబ్బరు చెప్పులు లేకుండా మిషన్ ముట్టుకోవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఒక్కచోట ఆగకు. మధ్యమధ్య ఆపి రేకు మీద అరచెయ్యి పెట్టు. పాలు తోడు పెట్టే వేడి ఉంటే సరే. చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపిస్తే అప్పటికే ఆలస్యమైనట్టు. పదకొండు దాటితే ఎండకు రేకు కాలుతుంది, ఆ లోపే ముగించు.

ముందు బానెట్ చెయ్యి. అమ్మణ్ణిని దగ్గరికి రానివ్వకు. దాని మంచం మీద నా పాత దుప్పటి వేశావా?

నీ
భీమేశ్వరరావు

గోపన్‌పల్లి,
అక్టోబరు 2.

ప్రియమైన మీకు,

డాక్టరమ్మను ఒప్పించడానికే వారం పట్టింది. కారుతో నాకిక పనేముంది రాజేశ్వరీ, బస్సులు లేవా అన్నారు. నేను వదల్లేదు. చివరికి తాళాలు చేతిలో పెట్టి, డిస్పెన్సరీకి నడిచి వెళ్లిపోయారు.

కారును మన వాకిట్లో వేపచెట్టు నీడన పెట్టించాను. మొదటిరోజు మిషన్ నన్నే ఈడ్చుకుపోయింది. దాన్ని అదిమి పట్టాలనుకున్నాను, అదే తప్పు. బరువంతా దానిదే, మనం దారి చూపిస్తే చాలని మూడోరోజుకు అర్థమైంది. స్విచ్ వేస్తే లోపల పెంటయ్య మామ, కిష్టమ్మత్తల గదిలో బల్బు ఎర్రగా మసకబారుతుంది. అత్త గడపలో కూర్చుని, "జర పైలం బిడ్డా, కరెంటుతోని పరాచికం కాదు" అని గంటకోసారి అంటుంది. అంటూనే గుడ్డలు ఉతికి ఇస్తుంది.

బానెట్ అయింది. బూడిదరంగు తేలిపోయి నలుపు బయటికొచ్చింది. ఆ నలుపులో నా మొహం, నా వెనక వేపకొమ్మలు కనిపించాయి.

తలుపుల దగ్గరే అంతా తలకిందులైంది. అదే మిషన్, అదే కాంపౌండ్. రంగు మెరవకపోగా బెల్లంపాకంలా సాగి ఉన్నికి అంటుకుంటోంది. టోపీ ముద్దలు కట్టింది. గీతలు పోకపోగా మసకలు పడ్డాయి. భయమేసి ఆపేశాను. నేనేం తప్పు చేశాను?

మీ
రాజేశ్వరి

రామగుండం క్యాంపు,
అక్టోబరు 7.

ప్రియమైన రాజీ,

తప్పు నీది కాదు. ఆ కారుకు రెండు రకాల రంగులున్నాయి. ఎప్పుడో తలుపులు సొట్టపోతే బాగుచేయించి ఉంటారు. బానెట్ మీద ఉన్నది మొదటినాటి డూకో. గట్టిది, ఎంత మెరుగు పెట్టినా ఓర్చుకుంటుంది. తలుపుల మీద తర్వాత వేసింది ఎనామిల్ అయి ఉంటుంది. ఎన్నేళ్లయినా లోపల మెత్తగానే ఉంటుంది, వేడి తగిలితే కరుగుతుంది. మా ఫ్యాక్టరీ రంగుల సెక్షన్‌లో చేయి తిరిగినవాళ్లు కూడా ఇలాంటి కారు వస్తే మొహం చాటేస్తారు.

దానికి ఓర్పు తప్ప మందు లేదు. పొద్దున్నే, రేకు చల్లగా ఉన్నప్పుడు చెయ్యి. ఒకసారికి రెండు అరచేతులంత మేరే. కాంపౌండ్ సగం చాలు, టోపీ మీద నాలుగు నీటిచుక్కలు చల్లు. పది లెక్కపెట్టి ఆపు, చల్లారనివ్వు. టోపీ ముద్దకట్టకముందే సబ్బునీళ్లలో ఉతుకు, రెండు టోపీలు మార్చుకుంటూ వాడు. తలుపు అంచుల మీద రంగు పల్చగా ఉంటుంది. అక్కడ కాగితం పట్టీ అంటించి, అంచులు చేత్తోనే రుద్దు.

ఇక్కడ పవర్‌హౌసులో టర్బైను బిగింపు మొదలైంది. పగలంతా చప్పుడు. నీ ఉత్తరం వచ్చిన రోజు మాత్రం నాకు ఆ చప్పుడు వినపడదు.

డాక్టరమ్మగారికి నా నమస్కారాలు చెప్పు. మరిచిపోవద్దు.

నీ
భీమేశ్వరరావు

గోపన్‌పల్లి,
అక్టోబరు 16.

ప్రియమైన మీకు,

ఎడమ పక్క రెండు తలుపులూ అయ్యాయి. మీరు రాసినట్టే పది లెక్కపెట్టి ఆపాను. రోజుకు జానెడు, మూరెడు. దసరాకు పిండివంటలు కూడా కిష్టమ్మత్తే చేసి పంపింది.

కుడి పక్క ముందు తలుపు దగ్గర చెడగొట్టాను. పట్టీ ఊడిపోయింది, నేను చూసుకోలేదు. అంచు మీద ఒక్క క్షణం మిషన్ నిలిచింది. తీసి చూస్తే నలుపు పోయి, కింద ఎర్రటి ప్రైమరు, అణా కాసంత. డాక్టరమ్మ చెయ్యి వేసి తలుపు తీసే చోటే.

బాగుచేస్తానని తెచ్చి, ముళ్లు కూడా చెయ్యని పని నేను చేశాను. సాయంత్రం ఆవిడ దగ్గరికి వెళ్లి చెప్పేశాను. ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, వంగి ఆ మచ్చను చూశారు.

"నేను మొదటిసారి కుట్లు వేసినప్పుడు రోగి అరుపు వీధి చివరిదాకా వినిపించింది. మా పెద్ద డాక్టరు సూది నా చేతిలోంచి లాక్కోలేదు. రెండో కుట్టు కూడా నన్నే వెయ్యమన్నారు. వెనక తలుపు మిగిలింది కదా, రేపు దాని సంగతి చూడు" అన్నారు.

చూశాను. అదీ అయింది. కానీ ఈ ఎర్ర మచ్చ సంగతి ఏం చెయ్యాలి? పదిహేను రోజులే ఉంది.

మీ
రాజేశ్వరి

రామగుండం క్యాంపు,
అక్టోబరు 21.

ప్రియమైన రాజీ,

నేను పాడుచేసినవి నీకెప్పుడూ చెప్పలేదు. మా సూపర్‌వైజరు కారు బానెట్ మీద నేను వేసిన మచ్చ రూపాయంత.

నల్ల ఎనామిల్ చిన్న డబ్బా, సన్నటి కుంచె తెప్పించు. రంగులో కొంచెం టర్పెంటైను కలిపి పల్చగా చేసి, మచ్చలో ఒక్క పూతే వెయ్యి. మర్నాడు ఇంకొకటి. ఇలా నాలుగు రోజులు. మూడు రోజులు దాన్ని ముట్టుకోకు. తర్వాత వాటర్ పేపరని అమ్మే సన్న గరుకు కాగితాన్ని సబ్బునీళ్లలో తడిపి, వేలికి చుట్టి, ఎత్తు సమానమయ్యేదాకా మెల్లగా రుద్దు. చివర మెత్తటి గుడ్డతో చేతి మెరుగు. మిషన్ అటకెక్కించెయ్యి, దాని పని అయిపోయింది.

అమ్మణ్ణి కాలి వాపు పూర్తిగా దిగిందా? చెప్పులు వేసుకోగలుగుతోందా?

నీ
భీమేశ్వరరావు

గోపన్‌పల్లి,
అక్టోబరు 25.

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం చివరి రెండు వాక్యాలు మళ్లీ మళ్లీ చదివాను. అమ్మణ్ణి కాలి గురించి నేను మీకు ఒక్క ముక్క రాయలేదు. ఎవరు చెప్పారో తెలియదు. ఇంక దాచను.

పాము కరిచింది మన అమ్మణ్ణినే. మీరు బండెక్కిన నాలుగో రోజు. ఇంటి వెనక బండల మీద చీర ఆరేశాను. మబ్బు పట్టింది, వాన పడేలోగా తెమ్మని దాన్ని పంపింది నేనే. రక్తపింజరి. కాలు మోకాలి దాకా ఉబ్బింది. పెంటయ్య మామ దాన్ని భుజాన వేసుకుని డిస్పెన్సరీకి పరుగెత్తాడు. ఆ కారులో వెనక సీట్లో నేనే ఉన్నాను, పిల్లను ఒళ్లో పెట్టుకుని. కంప రేకును గీరుతుంటే ఆ చప్పుడు నా పళ్లలో వినిపించింది. డాక్టరమ్మ చక్రం వదలకుండా, "అమ్మణ్ణీ, నీ పేరు చెప్పు, మీ నాన్న పేరు చెప్పు" అని దాన్ని నిద్రపోనివ్వకుండా అడుగుతూనే ఉన్నారు. అది మీ పేరు చెబుతూనే ఉంది.

పెద్ద దవాఖానలో అయిదు రోజులున్నాం. కిష్టమ్మత్త ఒక్కరోజు కూడా నన్ను వదిలి ఇంటికి పోలేదు.

ఎందుకు దాచానంటే, పోయిన ఏడాది తెలంగాణ ఉద్యమం గొడవలప్పుడు ఈ ఊరు వద్దు, మన ఆంధ్రావాళ్లుండే కాలనీకి మారదామని మీరన్నారు. వీళ్లను వదిలి రానని మొండికేసింది నేను. మీ మాట వినుంటే పిల్ల ఆ బండల దగ్గరికి వెళ్లేది కాదు. పైగా మీరు ఉద్యోగం వదిలి పరుగెత్తుకొస్తారని భయం. ఏ కారణం ముందో, ఏది వెనకో నాకే తెలియదు.

ఆ కారు మీద ఒక్కో గీత పోతుంటే ఆ మధ్యాహ్నం నా లోపలినుంచి కొంచెం కొంచెంగా దిగిపోయింది. అందుకే ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

వాపు పూర్తిగా దిగింది. చెప్పులు వేసుకుని పరుగెడుతోంది. ఇప్పుడు తిట్టండి.

మీ
రాజేశ్వరి

రామగుండం క్యాంపు,
అక్టోబరు 28.

ప్రియమైన రాజీ,

నిన్ను తిట్టేవాడినైతే ఆ పని సెప్టెంబరులోనే చేసేవాణ్ణి.

నాకు రాసింది డాక్టరమ్మగారు. దవాఖాన కాగితం మీద నువ్వు రాసిచ్చిన నా చిరునామా చూసి, రెండోరోజే కవరు పంపారు. నీ ఉత్తరం కంటే ముందు నాకు అందింది అదే. ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో రాసి, అయిదో వాక్యంలో, ప్రమాదం దాటింది, పొద్దున పాప అన్నం అడిగింది అని రాశారు. ఆ కింద ఇలా ఉంది: "మీ భార్య తనను తాను నిందించుకుంటోంది. మీరు పరుగెత్తుకొస్తే ఆ నింద నిజమని అనుకుంటుంది. ఆమె నోటితో చెప్పేదాకా ఆగగలిగితే ఆగండి. మీరు రావలసిన అవసరం ఉంటే నేనే టెలిగ్రాం ఇస్తాను."

ఆగాను. స్టేషను దాకా రెండుసార్లు వెళ్లి వెనక్కి వచ్చాను. టెలిగ్రాం వాడు క్యాంపు గేటు దాటితే చాలు, నా చేతిలో పానా జారిపోయేది. నీ మొదటి ఉత్తరంలో 'వీధిలో ఒక పిల్ల' అని చదివినప్పుడు కోపం రాలేదు. ఆ మాట రాయడానికి నువ్వెంత బరువు మోశావో అనిపించింది. ఎవరి పిల్ల అని నేను అడగలేదు, నువ్వు గమనించలేదు. మిషన్ ఎలా పట్టుకోవాలో రాయడం ఒక్కటే నా చేతిలో మిగిలింది. కనక అదే వివరంగా రాస్తూ వచ్చాను. మొన్న మాత్రం ఇక ఆపుకోలేక కాలి సంగతి అడిగేశాను.

చీర తెమ్మని పిల్లను పంపని తల్లి ఏ ఊళ్లో ఉంటుంది? పాములు కాలనీల్లోనూ ఉంటాయి. అక్కడ పెంటయ్య మామ ఉండడు, కిష్టమ్మత్త ఉండదు. పోయిన ఏడాది నేను భయపడి అన్న మాట తప్పు. ఇల్లు మారే ఊసు ఇక ఎత్తను. వాళ్లకు ఈ ఉత్తరం చదివి వినిపించు.

డాక్టరమ్మగారికి ఉత్తరం రాద్దామని ఎన్ని కాగితాలు చింపానో లెక్కలేదు. కృతజ్ఞుణ్ణి అని రాస్తే అది ఆఫీసు కాగితంలా ఉంది. మూడు రోజులు సెలవు దొరికింది. శనివారం సాయంత్రానికి ఇంట్లో ఉంటాను. ఆదివారం ఊరంతా ఆవిడకు శాలువా కప్పనీ, నాలుగు మాటలు మాట్లాడనీ. నాకు మాటలు రావు. అమ్మణ్ణిని ఎత్తుకుని కారు దగ్గర నిలబడతాను. ఆవిడ వచ్చేసరికి తలుపు తీసి పట్టుకుంటాను.

మీ అందరివాడు,
భీమేశ్వరరావు