బిరడా అనుకున్న ముక్క

బంగారు చెల్లికి,

ఇందుమూలంగా ల్యాబులోని కప్పలకు, బొద్దింకలకు, సీసాల్లో మునిగున్న సమస్త జీవులకు తెలియజేయడమేమనగా, నేటి నుంచి ఈ అటెండరు బీకరులో టీ కాచడు.

నవ్వావా? నవ్వకపోయినా చదువు. రాజీనామా రాసిపెట్టావని మీ వదిన చెప్పింది. నువ్వది ఇచ్చేలోపే ఈ ఉత్తరం అందాలి.

మొన్న నీ పాఠం తలుపు పక్కన నిలబడి విన్నాను. పూర్వం ఒకాయన సీసా బిరడాని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే చిన్న చిన్న గదులు కనిపించాయనీ, అవి ఉత్త గోడలేననీ, కణమే ప్రాణానికి మూలమని తేలడానికి ఇంకో నూట డెబ్భై ఏళ్లు పట్టిందనీ చెప్పావు. ఎనిమిదో తరగతి తప్పినవాడికే అర్థమైందంటే ఎంత బాగా చెప్పావో చూసుకో. తర్వాత, అతిథిగా వచ్చిన ముసలి ప్రొఫెసరుగారిని స్లయిడు చూడమన్నావు. ఆయన కన్ను ఆనించి, "అమ్మాయ్, ఇది బిరడా కాదు, టీవీ డబ్బాలో వచ్చే థర్మోకోలు. ఆమాత్రం తేడా తెలీదూ?" అన్నాడు. పిల్లలు గొల్లుమన్నారు. నీ మొహం చూడలేక నేను కడిగిన సింకునే మళ్లీ మళ్లీ కడిగాను.

ఆ ముక్క కోసింది నేనే. రెండూ ఒకే డబ్బాలో ఉన్నాయి. కరెంటు పోయింది, చీకట్లో చెయ్యి పొరబడింది.

ఇవాళ పొద్దున ప్రిన్సిపాల్‌గారికి ఇదే చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి, "అదేంటయ్యా, ఆ స్లయిడు తానే చేశానని మీ చెల్లెలు రాసిచ్చిందే!" అన్నాడు.

నువ్వు నా పేరెత్తలేదన్నమాట. ఎందుకే అంత పని చేశావు? తిట్టినా బాగుండేది.

కిందటి వారం ఒక పిల్ల నన్ను, "బిరడాలో గోడలే ఎందుకుంటాయండీ?" అని అడిగింది. లోపలి కణం ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి అని చెప్పబోయాను. ఈలోపు నువ్వు, "ఆయన్నేం అడుగుతావు? గ్లాసులు కడగడం తప్ప ఏం తెలుసు?" అన్నావు. ఇరవై ఏళ్లు తలుపు పక్కన విన్న చదువు గొంతులోనే ఆగిపోయింది. నువ్వూ ఒక్కసారి తెల్లమొహం వేస్తే చూడాలనిపించింది. చూశాను. ఆ మొహం ఇంకా కళ్లముందు నుంచి పోవట్లేదు.

ఈ ఉత్తరం నకలు ప్రిన్సిపాల్‌గారి బల్ల మీద పెడుతున్నాను. నీ రాజీనామా చించెయ్. ఊడితే నా ఉద్యోగం ఊడుతుంది.

కరెంటు పోయిందని రాశానే, అదంతా నేను అల్లింది. ఆ రోజు లైటు వెలుగుతూనే ఉంది.

నీ అన్నయ్య