ఇప్పచెక్క నీళ్లు

నాగవల్లీ,

కొట్లో మిగిలిన ఇప్పచెక్క అమ్మేటప్పుడు, అది వేసిన చెరువు నీళ్లు మూడు వారాల దాకా కాలవలోకి వదలకూడదని ముందే చెప్పు. ఒప్పుకోనివాడికి ఇవ్వకు.

పాపారావు గారికి నేనా మాట చెప్పలేదు. చేపపిల్లల్ని వేసేముందు చెరువులో పనికిరాని చేపల్ని చంపడానికి ఆయన పది బస్తాలు తీసుకున్నారు. "నీళ్లు తొందరగా తీసెయ్యొచ్చాండీ?" అని అడిగారు. మూడు వారాలంటే పక్క కొట్టుకి పోతారని, "ఇప్పగింజల్లో నూనె తీయగా మిగిలిన పిప్పేనండీ, చెట్టు సరుకు, ఏమీ కాదు" అన్నాను. చేపల్ని చంపే సరుకుతో ఏమీ కాదని ఎలా చెబుతారని నువ్వప్పుడే అడిగావు. బేరం మధ్యలో మాట్లాడొద్దని కసిరాను.

ఆయన ఐదో రోజునే నీళ్లు వదిలేశారు. అవి కాలవ మీదుగా మీ తమ్ముడు గిరిధర్ చెరువులోకి వెళ్లాయి. వాడి చేపలన్నీ చచ్చి తేలాయి.

పొద్దున్నే వాడు ఫోన్ చేశాడు. "బావగారూ, ఆ చెక్క ఏ కొట్టువాడు అమ్మాడో మీ ఏలూరు బజార్లో కాస్త కనుక్కోండి" అన్నాడు. కనుక్కుంటానన్నాను.

అమ్మింది నేనేనని ఎదురుగా నిలబడి చెప్పడానికి కొల్లేటికోట వాడి దగ్గరికి వెళ్తున్నాను. అందాకా వాడు ఫోన్ చేసినా ఎత్తకు. నీ గొంతులోనే వాడికి తెలిసిపోతుంది.

మధ్యాహ్నం నాకు అన్నం వండకు. అంతా విన్నాక వాడు పెడితే అక్కడే తింటాను. పెట్టకపోతే ఆకలితోనే వస్తాను, ఏమైందని అడగకు.