ఈగలు తోలే హోటళ్ళు

ప్రియమైన నాన్నా,

మెట్ల హోటల్ కూడా మూసేశారు. నిన్న ఆఫీసు నుంచి వస్తూ చూశాను. బల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి, నువ్వు కూర్చునే మూల కుర్చీని గుమ్మానికి అడ్డంగా పెట్టారు. అక్కడి సూప్‌లో మిరియాలు ఎక్కువై నాకు కళ్ళనీళ్ళొస్తే, "ఏడవకే పిట్టా, బిల్లు నేనే కడతాలే" అనేవాడివి. అంతకుముందు కాలవ పక్కన చేపల హోటల్, దానికి ముందు ఫ్యాన్లు కిర్రుమనే హోటల్. చిన్నప్పటి నుంచి మనం ఇష్టపడ్డ ప్రతి హోటలూ మూతపడింది. "మన పాదం అలాంటిది" అని నవ్వేవాడివి. నేనూ నవ్వేదాన్ని.

ఇవాళ ఆఫీసులో భోజనాల వేళ ఈ సంగతి చెబితే పక్క సీటు అక్క వింతగా చూసింది. "ఆ మెట్ల హోటలా? ఈగలు తోలుకుంటూ కూర్చునేవాళ్ళు కదే. నరమానవుడు వెళ్ళగా చూళ్ళేదు. మీ నాన్నకి ఏం నచ్చిందే అందులో?"

ఏం నచ్చిందో అప్పుడు తెలిసింది. నువ్వు రుచి చూసి ఎంచుకోలేదు, జనం లేకపోవడం చూసి ఎంచుకున్నావు. జనం రాని హోటళ్ళు మూతపడక ఏం చేస్తాయి? ఎప్పుడూ మీ పెద్దింటికి దూరంగా, ఊరి అవతలి కొసన. ఎప్పుడూ గోడకు ఎదురుగా నీ కుర్చీ. నీకు గోడలంటే ఇష్టం కాబోలనుకున్నాను, ఇంత చదువు చదివి.

మనది చిన్నిల్లని నాకు తెలియనిది కాదు. నువ్వు పెళ్ళాం పిల్లల దగ్గరికి వెళ్ళిపోయేటప్పుడు అమ్మే గొడుగు వెతికి ఇచ్చేది. కానీ ఆ హోటళ్ళలో మాత్రం మనం తండ్రీకూతుళ్ళమనుకున్నాను. అక్కడా దాక్కున్నామన్నమాట.

ఒక్కటి అడుగుతాను. ఆదివారం మధ్యాహ్నం మార్కెట్ మధ్య ఉన్న పెద్ద హోటల్‌కి రా. కుర్చీ కోసం జనం నిలబడి ఉంటారే, అక్కడికే. వీధి వైపు తిరిగి కూర్చో. ఎవరైనా పలకరిస్తే "మా అమ్మాయి" అను. ఆస్తి వద్దు, ఇంటిపేరు వద్దు. ఆ రెండు మాటలు చాలు.

నీ
పిట్ట

*

నాన్నా,

వస్తావనుకోలేదు. వచ్చావు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వీధి వైపు తిరిగే కూర్చున్నావు. చెమట తుడుచుకుంటూనే నూడిల్స్ పళ్ళెం నా ముందుకు జరిపావు. పక్క బల్లవాళ్ళు ఒకసారి మనవైపు చూస్తే బాగుండుననిపించింది.

చూసింది నీ బావమరిది. "ఏం బావా, ఇక్కడ తేలావు?" అంటూ నీ భుజం మీద చెయ్యేసి, నన్ను చూశాడు. "ఎవరీ అమ్మాయి?"

గ్లాసు మీద నీ వేళ్ళు బిగుసుకున్నాయి. "ఎక్కడా చోటు లేక ఇక్కడ కూర్చున్నానండీ" అన్నాను నేనే. నిన్ను కాపాడాలని కాదు. "అదేం మాటే" అని నువ్వు కోప్పడతావని, కోపంలోనైనా ఆ మాట నీ నోట వస్తుందని.

నీ మొహం తేటపడింది. నువ్వంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఉప్పు సీసా నా వైపు జరిపి, "తీసుకోండి, పర్వాలేదు" అన్నావు.

తీసుకోండి. ఒసే, మొద్దూ, పిట్టా అని పిలిచిన నోటితోనే.

అతను నీ పక్కన చేరి మీ ఇంటి కబుర్లు మొదలుపెట్టాడు. మీ పెద్దమ్మాయికి ఉద్యోగం వచ్చిందట. "మా అమ్మాయికేం, బంగారం" అన్నావు, అందరికీ వినబడేలా. నేను తలెత్తకుండా పళ్ళెం ఖాళీ చేశాను. పరాయిదానిలా తినడం అంత కష్టమేమీ కాదు.

అమ్మకు ఏమీ చెప్పలేదు. మీ ఇద్దరి సంగతి మీ ఇష్టం. నా మటుకు నాకు, ఆ రోజు మీరు కలిపిన వరసే ఖాయం చేసుకుందాం. ఇక నా కోసం ఎక్కడికీ రాకండి. ఆరోగ్యం జాగ్రత్తండి.

ఇట్లు,
చోటు దొరకక మీ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి