దుమ్ము లేవని పొద్దు

సులైబియా, కువైట్.

సౌభాగ్యవతి శివపార్వతికి మునీంద్ర రాయునది. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వు, పాప, అత్తమ్మ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఊరగాయతో పాటు నువ్వు పెట్టిన ఉత్తరం అందింది. మా గదిలో ఉండే చినబాబు సెలవు మీద రాయచోటికి వస్తుంటే ఇది అతని చేతికి ఇస్తున్నాను. ఫోనులో చెప్పలేక రాస్తున్నాను. అత్తమ్మ పక్కన లేనప్పుడు చదువుకో.

వాడేసిన నూనెతో డీజిల్ ఎట్లా చేస్తారని అడిగావు. హోటళ్ళలో మిగిలిన నూనెను ట్యాంకర్లలో తెచ్చి, వడగట్టి, తడి పోయేదాకా కాచుతారు. దాంట్లో మెథనాల్ అనే స్పిరిటు, కాస్టిక్ సోడా కలిపి పెద్ద రియాక్టరులో తిప్పితే జిగురంతా అడుగుకు దిగి పైన డీజిల్ తేలుతుంది. ఆ ప్లాంటును గీసి, కట్టి, నడిపి చూపించి అప్పజెప్పడం మా కంపెనీ పని. నేనూ నీ తమ్ముడు ఆంజీ పైపులు బిగిస్తాం. మా బట్టలకెప్పుడూ బజ్జీల వాసనే. ఖైతాన్‌లో మా గదివాళ్ళు "అంగడి యాడ పెట్టినారబ్బా?" అని ఎగతాళి చేస్తుంటారు.

పాపకు మేనమామ ఒళ్ళో చెవులు కుట్టించాలి, ఆంజికి సెలవెప్పుడని అడిగావు. వాడు వీడియోలో ఎందుకు కనపడటం లేదనీ అడిగావు. ఆంజి వచ్చే నెల వస్తాడు. సెలవు మీద కాదు, ఖలాస్ చేసుకుని, అంటే పని పూర్తిగా వదిలేసి వస్తున్నాడు.

ఆమధ్య ప్లాంటు మొదటిసారి నడిపే ముందు మెథనాల్ దించుతున్నాం. గొట్టం బిగింపు ఊడి ఆంజి మెడ నుంచి కాళ్ళ దాకా తడిసిపోయాడు. ఒంటి మీద పడితే వెంటనే నీళ్ళ కింద నిలబడాలి. అక్కడ పెట్టిన షవరుకు ఇంకా నీళ్ళ లైను కలపలేదు. మా ఇంజనీరు వరప్రసాద్ గారు, "గదికి వెళ్ళిపోవయ్యా, ముందు స్నానం చెయ్యి," అని అరిచారు.

"నీళ్ళ మాదిరి సల్లగుండాది సార్. ఆరిపోతాది. ఈ పని అయిపోనీ," అని ఆంజి నవ్వాడు. పని అయ్యేదాకా ఆ తడి బట్టలతోనే ఉన్నాడు.

మరుసటి పొద్దున లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"బావా, బైట దుమ్ము లేసిందా?"

"ల్యా. ఎండ కాస్తాంది గదా."

"మరి నాకంతా తెల్లగా ఉండాదే?"

బయట ఎక్కడా దుమ్ము లేదు పార్వతీ. ఎదుటి మేడ మీద ఆరేసిన చొక్కాల గుండీలు కూడా నాకు కనపడ్డాయి.

ఆస్పత్రికి తీసుకుపోతే, ఆ స్పిరిటు ఒంట్లోకి ఇంకి కళ్ళ నరాలను దెబ్బ తీసిందని చెప్పి, మిషను పెట్టి రక్తం శుద్ధి చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. చూపు సంగతి అడిగితే డాక్టరు తల అడ్డంగా ఆడించాడు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అక్కడి నుంచి నేరుగా ప్లాంటుకు వెళ్ళాను. ఆ వారమే మొదటి డీజిల్ దిగింది, నువ్వుల నూనె రంగులో. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను కూడా పిలిచి ఫోటో తీశారు. ఆ ఫోటోలో నేను నవ్వుతున్నాను. ఎట్లా నవ్వానో తెలియదు. వరప్రసాద్ గారు మాత్రం ఫోటోలో నిలబడలేదు. షవరు దగ్గరికి వెళ్ళి ఒక్కరే నిలబడ్డారు. అన్నం తింటున్నాను, నిద్ర పడుతోంది. మనిషినేనా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

"అమ్మకు చెప్పాకు బావా. నేనే ఎదురుగా కూసోని చెప్తా," అన్నాడు ఆంజి.

"మీ అక్కకో?"

"అక్కకు నువ్వు చెప్పు," అన్నాడు.

అందుకే రాస్తున్నాను. షుఐబాలో కొత్త పని మొదలైందని నాకు సెలవు ఇవ్వలేదు. చెన్నై దాకా వాడిని విమానం వాళ్ళే చెయ్యి పట్టుకుని తెస్తారు. అక్కడికి నువ్వు ఒక్కదానివే వెళ్ళు. వాడికి ఎదుట ఉన్నది కనపడదు, పక్కన ఉన్నది కాస్త మసకగా తెలుస్తుంది. కాబట్టి గేటు దగ్గర చెయ్యి ఊపొద్దు. ఎదురుగా పరుగెత్తొద్దు. కొంచెం పక్కగా నిలబడి "ఆంజీ" అని గట్టిగా పిలు. వాడే తల తిప్పి నిన్ను వెతుక్కుంటాడు.

ఇట్లు,
మీ ఇద్దరినీ తలుచుకుంటూ,
పాప నాన్న
మునీంద్ర